పాత టార్చికి కొత్త ఎల్ఈడీ

ప్రశ్న: రొయ్యల చెరువు గట్టుపై రాత్రి కాపలాకు క్రీ కంపెనీ ఎక్స్‌ఎం-ఎల్ రకం ఎల్ఈడీ ఉన్న పాత టార్చి వాడుతున్నాను. అల్యూమినియం బాడీ గట్టిగానే ఉన్నా వెలుగు తగ్గింది. ఎల్ఈడీని మాత్రమే మార్చుకోవచ్చునా?
— ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: తప్పక మార్చుకోవచ్చు, అంత దృఢమైన టార్చిని పారవేయకండి. అయితే ముందుగా స్ప్రింగు, స్విచ్చి, మరలు శుభ్రం చేసి, కొత్త సెల్లు వేసి చూడండి, ఎందుకంటే తేమ ఎక్కువైన మన డెల్టాలో తుప్పు వల్ల కూడా వెలుగు తగ్గుతుంది.

మార్పులో అన్నిటికంటే ముఖ్యమైనది వోల్టేజి. మీ ఎల్ఈడీ సుమారు 3 వోల్టులతో, గరిష్ఠంగా 3 ఆంపియర్లతో పనిచేస్తుంది. దాదాపు అదే 5 మిల్లీమీటర్ల చదరంలో వచ్చే ల్యూమినస్ కంపెనీ ఎస్‌ఎస్‌టీ-40 కూడా 3 వోల్టుల రకమే కనుక పాత డ్రైవరుతోనే (ఎల్ఈడీకి వెళ్లే కరెంటును అదుపు చేసే సర్క్యూట్‌తోనే) వెలుగుతుంది; క్రీ వారి తొలి తరం ఎక్స్‌హెచ్‌పీ-50 మాత్రం 6 లేదా 12 వోల్టులు కోరుతుంది కాబట్టి, ఒకే 18650 సెల్లు (సుమారు 3.7 వోల్టుల రీఛార్జి సెల్లు) ఉన్న టార్చిలో డ్రైవరును మార్చనిదే అది పనిచేయదు.

వేడి త్వరగా బయటికి పోవాలంటే, ఎల్ఈడీ మధ్య ప్యాడ్ నేరుగా రాగికే అతికి ఉండే రాగి పలకపై ముందే టంకం వేసిన ఎల్ఈడీని కొనండి. పలక కింద థర్మల్ పేస్టును పలుచగా పూయాలి, రిఫ్లెక్టరు టంకానికి తగిలి షార్టు కాకుండా ప్లాస్టిక్ రింగు పెట్టాలి. చెక్‌ట్రేలో (మేత, రొయ్యలను పరిశీలించే పళ్లెంలో) రొయ్య రంగును సరిగా గుర్తించాలంటే, వెలుగు కొంత తగ్గినా సీఆర్ఐ (రంగులను ఎంత సహజంగా చూపుతుందో చెప్పే సూచిక) 90 దాటిన రకాన్నే నేను ఎంచుకుంటాను. ఎక్కువ వెలుగు కోసం మరీ ఆరాటపడనక్కర లేదు, ఎందుకంటే కిరణ తీవ్రత రెట్టింపైనా కాంతి చేరే దూరం సుమారు 40 శాతమే పెరుగుతుంది. చివరగా, రబ్బరు రింగుకు సిలికాన్ గ్రీజు రాసి బిగించండి.