ఎండాకాలం పెళ్లి, హోటల్ భోజనం, గండికోట ప్రయాణం: కరోనా రోజుల్లో ఎక్కడ కూర్చోవాలి, ఎప్పుడు లేవాలి

మీరడిగింది ఇదీ: ఈ 2022 మే నెలలో కర్నూలులో మేనకోడలి పెళ్లి. అనంతపురం నుంచి ఇంటిల్లిపాదీ రావాలి. ఇంట్లో డెబ్బై దాటిన, షుగర్ ఉన్న అమ్మగారు ఉన్నారు. పిల్లలేమో బెలుం గుహలు, గండికోట కూడా చూపించమంటున్నారు. కరోనా పూర్తిగా పోలేదు కదా, హోటల్లో తినొచ్చా, బస్సెక్కొచ్చా, అసలు పెళ్లికి వెళ్లొచ్చా అని.

వెళ్లొచ్చు. అమ్మగారిని కూడా తీసుకెళ్లొచ్చు. ఎక్కడ కూర్చోవాలి, ఎంతసేపు కూర్చోవాలి అన్నది మాత్రం ముందే తేల్చుకోవాలి. హోటళ్లకు, ఫంక్షన్ హాళ్లకు ఏసీలు, కూలర్లు, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు బిగించే పని మాది. అందుకే గాలి దగ్గర్నుంచే మొదలుపెడతాను. నా లెక్కలో మిగతావన్నీ దాని తర్వాతే.

కరోనా ప్రధానంగా గాలిలోనే అంటుకుంటుంది. దగ్గితే పడే పెద్ద తుంపర్లు ఒకట్రెండు మీటర్లలో నేల రాలిపోతాయి. మాట్లాడినా, నవ్వినా, ఊరికే ఊపిరి వదిలినా వచ్చే సన్న తుంపర్లు మాత్రం గాలి కదలని గదిలో చాలాసేపు తేలుతూనే ఉంటాయి. బీడీ పొగలాగా అనుకోండి: ఆరుబయట క్షణంలో చెదిరిపోతుంది, మూసిన గదిలో అయితే కాల్చినవాడు వెళ్లిపోయాక కూడా మన ముక్కుకు తగులుతుంది. అందుకే ఆరడుగుల దూరం మూసిన గదిలో సరిపోదు. 2020 జనవరిలో చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒక రెస్టారెంట్లో పక్కపక్క టేబుళ్ల మీద భోంచేసిన మూడు కుటుంబాల్లో 10 మందికి సోకింది. ఆ హాలుకు కిటికీలు లేవు. ఏసీ గాలి ఆ మూడు టేబుళ్ల మధ్యే తిరుగుతూ ఉండిపోయింది.

ఏసీ హాలు కాబట్టి గాలి శుభ్రంగా ఉంటుందన్న నమ్మకం మనవాళ్లలో బాగా పాతుకుపోయింది. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని పిసరంత కూడా లోపలికి తేదు. గోడ అవతలి యూనిట్‌కూ లోపలి యూనిట్‌కూ మధ్య రాగి గొట్టాల్లో నడిచేది గ్యాసే, గాలి కాదు. లోపలున్న గాలినే పీల్చి, చల్లబరిచి, మళ్లీ మన మొహానికే కొడుతుంది. దాని జాలీ దుమ్మును ఆపుతుంది గానీ వైరస్‌ను ఆపదు. విండో ఏసీకి వెంట్ అని చిన్న మీట ఉంటుంది. తెరిచినా వచ్చే గాలి కొంచెమే, చాలాచోట్ల అది దుమ్ముపట్టి బిగుసుకుపోయి ఉంటుంది. పెద్ద హోటళ్లలో గొట్టాల గుండా చల్లగాలి పంపే డక్ట్ ఏసీకి బయటి గాలి కలిపే డాంపర్, అంటే తెరిచి మూసే రేకు, ఉంటుంది. ఎండాకాలంలో కరెంటు బిల్లుకు భయపడి మొదట మూసేసేది దాన్నే. 42 డిగ్రీల గాలిని చల్లబరచాలంటే కంప్రెసర్ మీద అంత భారం పడుతుంది మరి.

ఈ విషయంలో మన సీమకు ఒక అనుకూలం ఉంది. కోస్తాలో ఎండాకాలమంటే ఉక్కపోత, కూలర్ పెట్టినా ఒళ్లు జిగటే. కర్నూలు, అనంతపురం, కడపల్లో ఏప్రిల్, మే మధ్యాహ్నాలు గాలి పొడిగా ఉంటుంది. డెజర్ట్ కూలర్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, బయటి వేడి మీద పది డిగ్రీల దాకా తగ్గిస్తుంది. పైగా అది బయటి గాలినే తడి ప్యాడ్ల గుండా లాగి లోపలికి తోస్తుంది. అంటే గదిలో గాలి మారుతూనే ఉంటుంది. ఎదురు కిటికీ తెరిచి ఉంటేనే చల్లదనం వస్తుంది కూడా. కూలర్‌ను గది మధ్యలో పెట్టి తలుపులన్నీ వేసేస్తే రెండూ చెడతాయి. లోపలి గాలే తిరుగుతుంది, కాసేపటికి గదంతా చెమ్మెక్కి చల్లదనమూ పోతుంది. ప్యాడ్లు బయటివైపు ఉండేలా కిటికీలో పెట్టి, గది అవతలి చివర కిటికీ కనీసం జానెడు తెరవండి. ఆ కిటికీ దగ్గర అగరుబత్తి వెలిగించి పట్టుకుని చూడండి. పొగ అంతా ఒకే వైపు వంగి బయటికి పోతుంటే సరిపోయినట్టు. సుడి తిరిగి గదిలోకే వస్తుంటే ఇంకాస్త తెరవాలి. చుట్టాలు దిగే ఇంట్లో ముందు చేయాల్సిన పని ఇది. వారానికోసారి కూలర్ నీళ్లు పారబోసి తొట్టి తుడవండి, లేకపోతే దోమలు పెరుగుతాయి.

ఇక హోటళ్లు. కరోనా వరకే చూస్తే, ఏసీ గదిలో గంటసేపు తినే బిర్యానీ కంటే రోడ్డు పక్క బండి దగ్గర నిలబడి తినే ఉగ్గాణి, బజ్జీ ఎంతో నయం. అయితే ఎండాకాలం కడుపు సంగతీ చూసుకోవాలి. మీ కళ్లముందు వేయించి తీసిందే తినండి. కొబ్బరి చట్నీ పొద్దున రుబ్బింది పది దాటాక ముట్టొద్దు. నీళ్లు మీ సీసాలోవి తాగండి. కూర్చుని తినక తప్పకపోతే పన్నెండులోపే వెళ్లండి, లేదా మూడు దాటాక. కిటికీ పక్కనో వాకిలి పక్కనో టేబుల్ అడగండి. ఏసీ గాలి ఇంకొకరి టేబుల్ మీదుగా మీకు వచ్చే చోటు వద్దు. వంటింటి తలుపు పక్కనా వద్దు, ఎందుకంటే వంటింటి ఎగ్జాస్ట్ హాలు గాలినంతా అటే లాగుతుంది. ఏం కావాలో ముందే ఫోన్లో చెప్పేస్తే ఎదురుచూసే సమయం కలిసొస్తుంది. అదే గదిలో అరగంట కూర్చున్నదానికి గంటన్నర కూర్చుంటే పీల్చేది మూడింతలు. పాటలు గట్టిగా పెట్టిన చోట అందరూ అరిచి మాట్లాడతారు, అరిచే కొద్దీ నోట్లోంచి వచ్చే తుంపర్లూ పెరుగుతాయి. అలాంటి చోట పార్సిల్ కట్టించుకుని రావడమే మేలు.

గాలి మారుతోందో లేదో కంటికి కనపడదు, అందుకు కార్బన్ డయాక్సైడ్ మీటర్ పనికొస్తుంది. ఆరుబయట అది 420 పీపీఎం (పది లక్షల వంతుల గాలిలో 420 వంతులు) దరిదాపుల్లో చూపిస్తుంది. మనుషులు నిండిన గదిలో 800 లోపు ఉంటే గాలి బాగా మారుతున్నట్టు. 1,000 దాటితే పెద్దవాళ్లను బయటికి తీసుకొచ్చేయండి. కొనేటప్పుడు ఎన్‌డీఐఆర్ సెన్సర్, అంటే పరారుణ కాంతితో ఆ వాయువునే నేరుగా కొలిచేది, ఉన్నదే అడగండి. చవకరకం మీటర్లు అసలు ఆ వాయువును కొలవవు, లెక్కగట్టి ఏదో అంకె చూపిస్తాయి. శానిటైజర్ రాసుకున్న చెయ్యి దగ్గర పెట్టగానే అంకె ఎగిరిపడితే అది ఆ బాపతే.

పెళ్లి విషయానికొస్తే, పెళ్లివారితో ఇప్పుడే మాట్లాడండి. మండపం కంటే భోజనాల హాలే ప్రమాదం, ఎందుకంటే అక్కడ అందరి మాస్కులూ దిగిపోతాయి. భోజనాలు ఆరుబయట షామియానా కింద, పొద్దుగూకాక పెట్టిస్తే సగం బెంగ తీరుతుంది. షామియానాకు కనీసం రెండు వైపులా గుడ్డ కట్టకూడదు. నాలుగు వైపులా కట్టేస్తే అది మళ్లీ హాలే. రిసెప్షన్ చిన్నదైతే ఇంటి మిద్దె మీద పెట్టుకోవచ్చు, సాయంత్రం నీళ్లు చల్లితే మిద్దె త్వరగానే చల్లబడుతుంది.

హాల్లోనే అయితే ఒక చిన్న లెక్క ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో మనిషికి సెకనుకు 10 లీటర్ల గాలి ఉండాలని చెప్పింది, అంటే గంటకు 36 ఘనమీటర్లు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ లేబుల్ మీద సీఎంహెచ్ అని ఒక అంకె ఉంటుంది, గంటకు ఎన్ని ఘనమీటర్లు లాగుతుందో అదే. అన్ని ఫ్యాన్ల అంకెలు కూడి 36తో భాగిస్తే ఆ హాల్లో ఒక బంతికి ఎంతమందిని కూర్చోబెట్టవచ్చో వస్తుంది. 200 మందికి 7,200 కావాలి. జాలీకి జిడ్డు, దుమ్ము పట్టి ఉంటే లేబుల్ మీద రాసినంత రాదు, కాబట్టి పెళ్లికి ముందురోజు జాలీలు కడిగించండి. ఫ్యాన్లకు ఎదురు గోడ తలుపులు తెరిచే ఉంచాలి. అన్నీ మూసి ఫ్యాన్లు వేస్తే రెక్కలు తిరుగుతాయే గానీ గాలి కదలదు. తలుపు సందుల్లోంచి ఈల వినపడుతోందంటే గాలి చాలక ఫ్యాన్లు గింజుకుంటున్నాయని అర్థం. బంతికీ బంతికీ మధ్య ఇరవై నిమిషాలు ఖాళీ వదిలి ఫ్యాన్లు తిరగనిస్తే పాత గాలి చాలావరకు పోతుంది. అమ్మగారిని మొదటి బంతిలోనే, వాకిలి వైపు చివర కూర్చోబెట్టండి. మూడో బంతికి ఆ హాల్లో అందరి ఊపిరీ పేరుకుని ఉంటుంది. ఇంకా మంచి దారి ఏమిటంటే, తలంబ్రాలు చూసి, అక్షింతలు వేసి, చదివింపులు చదివించి, అమ్మగారి భోజనం క్యారియర్లో కట్టించుకోవడం. ముందే చెప్పి ఉంచితే ఎవరూ నొచ్చుకోరు. చెప్పకుండా వెళ్లిపోతేనే మాట వస్తుంది.

మాస్కు అంటే ఎన్‌95 గానీ ఎఫ్‌ఎఫ్‌పీ2 గానీ. చెవులకు తగిలించే తాళ్ల కంటే తల వెనక్కి కట్టే పట్టీలున్నవి మొహానికి బిగుతుగా కూర్చుంటాయి. ముక్కు మీది తీగను రెండు చేతుల వేళ్లతో నొక్కి, గట్టిగా ఊపిరి వదిలి చూడండి. కళ్లజోడు మసకబారితే పైనుంచి గాలి కారుతున్నట్టే. కవాటం ఉన్న మాస్కు వద్దు, మన ఊపిరిని వడకట్టకుండా ఎదుటివాళ్ల మీదికి వదులుతుంది. మన ఎండకు చెమటతో తడిసిన మాస్కులోంచి ఊపిరి ఆడదు, జనం దాన్ని గడ్డం కిందికి లాగేసేదీ అప్పుడే. మనిషికి రోజుకు రెండు పెట్టుకోండి. తీసినదాన్ని కాగితం కవర్లో ఆరనివ్వండి, ప్లాస్టిక్ కవర్లో వద్దు. ఉతకడం అసలే వద్దు. పట్టీలు సాగిపోయాక పారేయండి.

అనంతపురం నుంచి కర్నూలుకు గుత్తి, డోన్ మీదుగా 150 కిలోమీటర్లు. ఏసీ బస్సు కంటే కిటికీలు తెరుచుకునే ఎక్స్‌ప్రెస్, సూపర్ లగ్జరీ మంచివి. తెల్లవారుజామున ఎక్కితే ఎండకు ముందే దిగిపోతారు. బస్సు కదులుతున్నంతసేపూ గాలి ఆడుతుంది, బస్టాండులో ఆగినప్పుడు ఆడదు. జనం ఎక్కేదీ దిగేదీ అప్పుడే కాబట్టి అక్కడ మాస్కు తీయొద్దు. కారు మాట్లాడుకుంటే డ్రైవర్‌కు కూడా మాస్కు ఇవ్వండి. ఏసీని లోపలి గాలే తిరిగే మోడ్ నుంచి బయటి గాలి మోడ్‌కు మార్చమనండి. బాణం గుర్తు బయటినుంచి లోపలికి వచ్చేలా బొమ్మ ఉంటుంది, అదీ. చల్లదనం కొంచెం తగ్గుతుంది. ఐమూలగా, అంటే ముందు కుడి, వెనక ఎడమ అద్దాలు రెండంగుళాలు దించితే చల్లదనం ఇంకాస్త తగ్గినా గాలి బాగా మారుతుంది.

గండికోట వేరు, బెలుం వేరు. గండికోట పెన్నా లోయ అంచున ఉంది, అంతా ఆరుబయలే. అక్కడ భయపడాల్సింది ఎండకు, కరోనాకు కాదు. పొద్దున ఆరు నుంచి తొమ్మిది మధ్య, లేదా సాయంత్రం ఐదు దాటాక చూడండి. నీడ తక్కువ, మనిషికి రెండు లీటర్ల నీళ్లు, మజ్జిగ ఉండాలి. బెలుం నేల కింది గుహ. మొత్తం మూడు కిలోమీటర్ల పైన పొడవు, అందులో కిలోమీటరున్నర దాకా జనాన్ని పోనిస్తారు. ఇరుకు దారుల్లో ఒకరి వెనక ఒకరు, చెమ్మ, ఉక్క. సెలవురోజు మధ్యాహ్నం వద్దు. పనిరోజు గేటు తీసిన వెంటనే, జనం చేరకముందు, మాస్కు తీయకుండా పిల్లలు చూసి రావచ్చు. అమ్మగారిని లోపలికి తీసుకెళ్లకండి.

ఈ 2022 మే నాటి నిబంధనల ప్రకారం, అమ్మగారికి రెండో డోసు పడి 9 నెలలు దాటి ఉంటే ప్రికాషన్ డోసు, అంటే మూడో డోసు, ఇప్పుడే వేయించండి. అరవై దాటినవాళ్లకు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం, పనిచేయడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. ఇంట్లో చేసుకునే యాంటిజెన్ కిట్లు కొన్ని కొనిపెట్టుకోండి. అవి 30 డిగ్రీలు దాటని చోట ఉండాలి, ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే పాడవుతాయి. ఫలితం 15 నిమిషాలకు చూడాలి, మరీ ఆలస్యంగా తేలిన గీతను లెక్కలోకి తీసుకోవద్దు. పెళ్లి నుంచి వచ్చాక మూడో రోజు, ఐదో రోజు అందరూ చూసుకోండి. అప్పటిదాకా పిల్లలు నానమ్మ గదిలో పడుకోకుండా చూడండి. లక్షణాలుండి కిట్టులో నెగెటివ్ వస్తే ఆర్‌టీపీసీఆర్ చేయించాలి.

ఎండలో తిరిగొచ్చాక జ్వరం వస్తే అందరూ వడదెబ్బ అని వదిలేస్తారు. ఎండ వల్ల ఒంటికి వచ్చిన వేడి నీడలో పడుకోబెట్టి, తడిగుడ్డతో తుడిచి, విసనకర్రతో విసిరితే తగ్గుతుంది. దానికి పారాసెటమాల్ పనిచేయదు. గొంతు నొప్పి, ముక్కు కారడం తోడైనా, మర్నాటికీ జ్వరం ఉన్నా కరోనా పరీక్ష చేయించండి. మనిషి తికమకగా మాట్లాడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా ఏ పరీక్ష కోసమూ ఆగకుండా 108కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా నీళ్లతో తడుపుతూనే ఉండండి.

పాజిటివ్ వస్తే అమ్మగారికి పూటకోసారి ఆక్సీమీటర్ పెట్టి రాసుకోండి. 94 కంటే తగ్గితే వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. గోళ్ల రంగు, ముదురు గోరింటాకు ఉన్న వేలికి ఆ మిషన్ తప్పు అంకె చూపొచ్చు. పెళ్లికి అమ్మగారికి గోరింటాకు పెట్టేటప్పుడు ఒక చేతి చూపుడువేలు వదిలేయమనండి.