బే ఏరియాకి కొత్తా? ఇల్లు ఊగితే బయటికి పరుగెత్తకండి

కాలిఫోర్నియా బే ఏరియాలోని శాన్ రామోన్, డబ్లిన్ వైపు కొత్తగా దిగిన మనవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే: "రాత్రి మంచం కదిలింది, పెద్ద భూకంపం రాబోతోందా?"

శాన్ రామోన్ కింద చిన్న ప్రకంపనలు గుంపులుగా రావడం కొత్త కాదు. 2015లో వారాల తరబడి వందల కొద్దీ వచ్చి, వాటంతటవే సద్దుమణిగాయి. అలాగని చిన్నవి వస్తే పెద్దది తప్పిపోతుందన్న మాట నమ్మకండి. మాగ్నిట్యూడ్ (భూకంపం ఎంత పెద్దదో చెప్పే అంకె) ఒకటి పెరిగితే శక్తి దాదాపు 32 రెట్లవుతుంది. 3 స్థాయివి ఎన్ని వచ్చినా ఇక్కడి పెద్ద భూగర్భ పగులైన హేవార్డ్ ఫాల్ట్‌లో పేరుకున్న ఒత్తిడి తీరదు.

ఎంత వచ్చిందో తెలుసుకోవడానికి వాట్సాప్ ఫార్వర్డ్‌లు కాదు, యూఎస్‌జీఎస్ (అమెరికా ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ) మ్యాప్ చూడండి. మొదట చూపిన అంకె తర్వాత కాస్త మారవచ్చు, కంగారు పడకండి. ఫోన్‌లో భూకంపం హెచ్చరికలిచ్చే మైషేక్ యాప్ ఉంచుకోండి. అది 4.5, ఆపైన వాటికే హెచ్చరిస్తుంది కాబట్టి, 3.2కి మోగలేదని తీసేయకండి. మోగినా దొరికేది కొన్ని సెకన్లే. కేంద్రానికి మరీ దగ్గరుంటే అవీ దొరకవు.

ఆ సెకన్లలో ఏం చేస్తామన్నదే అసలు సంగతి. 1993 లాతూరు, 2001 భుజ్ వార్తలు విన్న మనకి భూకంపమంటే బయటికి పరుగే. 2024 డిసెంబరులో ములుగు దగ్గర 5.3 వచ్చినప్పుడూ జనం ఇళ్లలోంచి బయటికే వచ్చేశారు. లాతూరులో కూలినవి మట్టితో పేర్చిన రాతి గోడలు. ఇక్కడి ఇళ్లు చాలావరకు చెక్క ఫ్రేమువి, బాగా ఊగుతాయి గానీ అంత తేలిగ్గా కూలవు. పరుగెత్తి పడిపోవడం, మీద పడే టీవీలు, షెల్ఫులు, పగిలిన గాజు... దెబ్బలు తగిలేది వీటివల్లే. అందుకని వెంటనే కిందికి వంగి, గట్టి బల్ల కింద దూరి, ఒక చేత్తో తల, మెడ కాచుకుంటూ రెండో చేత్తో బల్ల కాలు పట్టుకోండి. గుమ్మంలో నిలబడమనేది పాత సలహా, వదిలేయండి. నిద్రలో ఉంటే మంచం దిగకుండా దిండుతో తల కప్పుకోండి. 2014లో నాపా భూకంపం తెల్లవారుజామున 3:20కి వచ్చింది. చీకట్లో గాజు మీద అడుగు పడకుండా మంచం పక్కన బూట్లు, టార్చి ఉండాలి.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల గురించి మరీ మరీ చెబుతున్నాను. మోకాళ్ల నొప్పులతో నేల మీదికి వంగలేరు. కుర్చీలోనే ముందుకు వంగి, చేతులతో తల, మెడ కప్పుకోమనండి. వచ్చిన మొదటి వారంలోనే ఒకసారి చేయించి చూడండి. మీరు ఆఫీసులో ఉంటే ఇంట్లో ఒంటరిగా ఉండేది వాళ్లే. దేవుడి పటాలు మంచం తలవైపు గోడకి వద్దు. దీపం వెలుగుతుండగా గది వదిలి వెళ్లొద్దనీ చెప్పండి.

గ్యాస్ వాసన వస్తేనే మీటరు దగ్గర కట్టేయండి. మళ్లీ తెరవాల్సింది గ్యాస్ కంపెనీ వాళ్లే. మనిషికి రోజుకి నాలుగు లీటర్ల చొప్పున, కనీసం మూడు రోజులకి నీళ్లు దాచండి. అద్దెకుండేవాళ్లు తీసుకునే మామూలు రెంటర్స్ ఇన్సూరెన్స్‌లో భూకంపం కలవదు, విడిగా తీసుకోవాలి. పెద్దది వస్తే ఫోన్ లైన్లు బిజీ అయిపోతాయి. ఇండియాలో ఒక్కరికే మెసేజ్ పెట్టి, మిగతా చుట్టాలకి వాళ్లనే చెప్పమనండి.