రాతి గుండు ఎత్తుతుంటే మోకాళ్ల దగ్గర ఆగిపోతోందంటే...

కోనసీమలో మీ ఊళ్లో జరిగే గుండెత్తే పోటీకి సాధన చేస్తుంటే గుండు మోకాళ్లు దాటి పైకి రావడం లేదని అడిగారు. అది బలం తక్కువై కాదు. నేల మీంచి ఒకే ఊపున భుజానికి తేవాలని చూస్తున్నట్టున్నారు. సంక్రాంతి పోటీ అన్నారు కాబట్టి ఇప్పటి నుంచే ఇలా చేయండి.

1. గుండు రెండు పాదాల మధ్య ఉండాలి. వేళ్లు వీలైనంత కిందికి పోనివ్వండి.

2. మోచేతులు వంచొద్దు. వంచి లాగితే జబ్బ కండరం తెగే ప్రమాదం ఉంది.

3. చాలామంది వదిలేసేది ఇదే. గుండు మోకాళ్లు దాటగానే గొంతుక్కూర్చుని దాన్ని ఒళ్లోకి లాక్కోవాలి. అక్కడ పట్టు మార్చాలి: చేతులు కింద నుంచి తీసి, గుండు పైభాగం చుట్టూ వేసి రొమ్ముకు హత్తుకోవాలి. అప్పుడు తుంటిని ముందుకు తోస్తూ లేవాలి. చేతులతో ఎత్తాలని చూస్తే మళ్లీ అక్కడే ఆగుతుంది.

1977లో మొదలైన వరల్డ్స్ స్ట్రాంగెస్ట్ మ్యాన్ (ప్రపంచ బలశాలి) పోటీల్లో అట్లాస్ గుండ్లు అనే పెద్ద గుండ్రటి బరువులను ఎత్తేవాళ్లు కూడా ఒళ్లో పెట్టుకునే లేస్తారు. సిగ్గుపడాల్సిందేం లేదు. కాకపోతే మీ ఊళ్లో మధ్యలో ఆగనిస్తారో లేదో పెద్దల్ని ముందే అడగండి.

4. కోనసీమలో పండగ పొద్దున మంచుకి రాయి తడిసి జారుతుంది. గోనెసంచితో తుడిచాకే పట్టుకోండి. సాధన చేలో బురద మీద వద్దు, ఎండిన కళ్లంలో చేయండి.