కౌన్సెలింగ్‌కి వెళ్తే ఊరంతా తెలిసిపోద్దా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరండి. నిద్రపట్టక, గుండెదడతో రాజమండ్రిలో సైకాలజిస్ట్ దగ్గరకి వెళ్తున్నా. రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి మా ఆడపడుచుకి తోటికోడలు. నా ఫైలు చూసి మా అత్తగారి చెవిలో వేస్తదేమోనని భయమండి.
– ఓ పాఠకురాలు, కోనసీమ

జవాబు: మీ భయం న్యాయమైందేనమ్మా, మన వైపు చుట్టరికం లేని రిసెప్షన్ ఎక్కడుంది చెప్పండి! కానీ 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 23వ సెక్షన్ ప్రకారం మీ జబ్బు, ట్రీట్‌మెంట్, మీరు చెప్పుకున్న మాటలు అన్నీ గోప్యంగా ఉంచాల్సిందే, అత్తగారు ఫోన్ చేసి అడిగినా సరే. ప్రాణానికి ముప్పు, ఇంకొకరికి హాని, కోర్టు ఆర్డర్ లాంటి కొన్ని సందర్భాల్లోనే మినహాయింపు ఉంటది.

ఇక ఆ అమ్మాయి సంగతి. అపాయింట్‌మెంట్ ఇవ్వడానికి పేరు, టైమ్, ఫోన్ నంబర్ చాలు, సెషన్ నోట్స్ ఆవిడకెందుకు? ఈసారి వెళ్ళినప్పుడు నోట్స్ ఎక్కడ పెడతారు, తాళం ఎవరి దగ్గరుంటది, కంప్యూటర్ పాస్‌వర్డ్ ఎవరెవరికి తెలుసు అని సైకాలజిస్ట్‌నే మొహమాటం లేకుండా అడగండి, సరిగ్గా చెప్పకుండా దాటేస్తే నేనైతే క్లినిక్ మార్చేస్తా. అన్నట్టు, వాళ్ళ వాట్సాప్ రిమైండర్లు ఇంట్లో అందరూ చూసే ఫోన్‌కి రాకుండా మీ సొంత నంబరే ఇవ్వండి.