పాప అమెరికా పాస్‌పోర్ట్, దొరకని నంబరు, తాతయ్య ఎఫ్‌డీ

ప్రశ్న: మా వారు ఎల్-1 వీసా మీద డిప్యుటేషన్‌కి వెళ్ళినప్పుడు 2009లో డల్లాస్‌లో పాప పుట్టింది. నాలుగో నెలలోనే బెంగళూరు వచ్చేశాం. మేమిద్దరం భారతీయ పౌరులమే. పాపకి అమెరికా పాస్‌పోర్ట్, ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) ఉన్నాయి. పాపకి పదహారు నిండాయి, పాస్‌పోర్ట్ మళ్ళీ తీసుకోవాలి. దరఖాస్తులో సోషల్ సెక్యూరిటీ నంబరు (అమెరికా ప్రభుత్వం ఇచ్చే తొమ్మిది అంకెల నంబరు) ఇవ్వకపోతే 500 డాలర్ల జరిమానా అని అపార్ట్‌మెంట్‌లో ఒకరు చెప్పారు. మా దగ్గర నంబరు లేదు, గతసారి ఏజెంటు ఏం నింపాడో గుర్తులేదు. పాప పేరున నెల్లూరులో మా నాన్నగారు వేసిన 12 లక్షల ఎఫ్‌డీ, సుకన్య సమృద్ధిలో సుమారు 8 లక్షలు ఉన్నాయి. నంబరు గడిలో సున్నాలు పెడితే సరిపోతుందా?
– ఒక తల్లి, మారతహళ్ళి

జవాబు: అమ్మా, సున్నాలు పెట్టవచ్చు, కానీ నంబరు నిజంగా లేనప్పుడే. సున్నాలతో పాటు ‘నాకు ఎప్పుడూ ఈ నంబరు ఇవ్వలేదు’ అని సంతకం చేసిన కాగితం కూడా జత చేయాలి. తప్పు చెబితే నేరమని తెలిసి చేసే సంతకం అది. 2015 చివర్లో వచ్చిన చట్టం ప్రకారం నంబరు ఇవ్వకపోయినా, కావాలని తప్పుడు నంబరు ఇచ్చినా దరఖాస్తును తిరస్కరించవచ్చు. 500 డాలర్ల జరిమానా కూడా నిజమే.

అందుకే ముందు ఇల్లు వెతకండి. అక్కడ బిడ్డ పుట్టగానే ఆస్పత్రి ఫారంలోనే ఈ నంబరు కోసం ఒక గడి ఉంటుంది. అది టిక్ చేసి ఉంటే నంబరు వచ్చేసినట్టే. కార్డు మీరు ఖాళీ చేసిన డల్లాస్ ఇంటికి పోస్టులో వెళ్ళి ఉండొచ్చు. వైట్‌ఫీల్డ్ నుంచి వచ్చిన ఒక తండ్రి ఇలాగే ‘లేదు, లేదు’ అన్నారు. ఆయన పాత ఫైల్లో 1040 రిటర్న్ (అమెరికా ఆదాయపు పన్ను రిటర్న్) తీసి చూస్తే, డిపెండెంట్ల వరసలో పాప పేరు పక్కనే తొమ్మిది అంకెలూ ఉన్నాయి. మీవారు కూడా 2009 రిటర్న్ తీసి చూడాలి.

ఎక్కడా దొరకకపోతే సున్నాలతో పాస్‌పోర్ట్ పని కానివ్వండి, దాన్ని ఆపకండి. పదహారు నిండాక ఇచ్చేది పదేళ్ళ పాస్‌పోర్ట్, ఫీజు 165 డాలర్లు, మీలో ఒకరు పాపతో చెన్నై కాన్సులేట్‌కి వెళ్ళాలి. నంబరుకి వేరే దరఖాస్తు ఉంది. పన్నెండు దాటినవాళ్ళు ఇంటర్వ్యూకి స్వయంగా హాజరవ్వాలి. కొత్త పాస్‌పోర్ట్ చేతికొచ్చాక మూడు నెలల్లోపు ఓసీఐ పోర్టల్‌లో అప్‌లోడ్ చేయడం మరిచిపోకండి.

నాకు అసలు దిగులు పాస్‌పోర్ట్ గురించి కాదు, పాప పేరున ఉన్న డబ్బు గురించి.

అమెరికా పౌరులు ఎక్కడున్నా, ఎంత చిన్నవాళ్ళయినా, బయటి దేశాల్లోని ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (ఆ ఖాతాల వివరాలు అమెరికా ప్రభుత్వానికి తెలిపే నివేదిక) దాఖలు చేయాలి. డాలరుకి 88 రూపాయల లెక్కన మీ పాప 20 లక్షలు దాదాపు 22,700 డాలర్లు. ఇక వడ్డీ చూడండి. ఎఫ్‌డీ మీద 7 శాతం అనుకుంటే 84,000, సుకన్య మీద 8.2 శాతం చొప్పున 65,600, కలిపి దాదాపు 1,700 డాలర్లు. 2025కి ఇలాంటి పిల్లల ఆదాయం 1,350 డాలర్లు దాటితే అక్కడ పన్ను రిటర్న్ వేయాలి. సుకన్య వడ్డీకి ఇక్కడ పన్ను లేదు, అక్కడ ఉంది. తీరా పడే పన్ను 35 డాలర్లు! అంత చిన్న మొత్తానికి పాస్‌పోర్ట్ రద్దు కాదు. పాస్‌పోర్ట్ రద్దుకి ఇందాకటి 2015 చట్టంలో చెప్పింది 50,000 డాలర్లకు పైబడిన పన్ను బకాయి, ఆ పరిమితి కూడా ఏటా పెరుగుతోంది. కాబట్టి ఆ టెన్షన్ వదిలేయండి. ఎఫ్‌బార్ మానేయడం మాత్రం వదిలేసే విషయం కాదు. తెలియక మానేసినవాళ్ళకు మూడేళ్ళ రిటర్న్‌లు, ఆరేళ్ళ ఎఫ్‌బార్‌లు ఇచ్చి జరిమానా లేకుండా సరిచేసుకునే దారి ఉంది. ఈ పనికి అమెరికా పన్నులు తెలిసిన సీపీఏని (అమెరికా ఆడిటరుని) పెట్టుకోండి, ఆ ఫీజు దండగ కాదు.

సుకన్య సంగతి చెప్పడానికి బాధగా ఉంది. ఆ ఖాతా ఇక్కడ నివసించే భారత పౌరురాలైన ఆడపిల్లకే. ఓసీఐ ఉన్నా అర్హత రాదు. ఇంకో వాయిదా కట్టకుండా, పౌరసత్వం సంగతి రాసిచ్చి ఖాతా మూయించండి. కొంత వడ్డీ పోవచ్చు. ఖాతా గడువు తీరేటప్పుడు బయటపడడం కంటే ఇప్పుడే నయం.

ఎఫ్‌డీని మాత్రం మీ పేరుకి మార్చుకోకండి, అది పాప సొత్తు. పీయూసీ ఫీజుకి, కోచింగ్‌కి అందులోంచే కట్టండి. సుకన్య సొమ్ము చేతికొచ్చినా ముందు దానికే వాడండి. అన్నీ కలిపి ఏడాది పొడుగునా 8.8 లక్షల లోపే ఉంటే, ఆ ఏడాదికి ఎఫ్‌బార్ బెడద ఉండదు. ఇకమీదట పాప పేరున ఒక్క రూపాయి కూడా వేయకండి. మ్యూచువల్ ఫండ్లు అసలు వద్దు, అమెరికా పన్నులో వాటి లెక్క నరకం. సిప్ మీ పేరున పెట్టి, నామినీగా పాపను రాయండి చాలు.

ఈసారి నెల్లూరు వెళ్ళినప్పుడు మీ నాన్నగారితో కూర్చుని ఈ మాట చెప్పండి. మనవరాలికని దాచింది ఏదైనా ఉంటే మీకే ఇవ్వమనండి. తండ్రి కూతురికి ఇచ్చే డబ్బుకి మన దగ్గర పన్ను లేదు.