ముందు ఆవిడకి చదివి వినిపించు

అమ్మాయ్,

రోడ్లు ఊడ్చేవాళ్ళవీ, చేపలు పట్టేవాళ్ళవీ తీసి పోటీకి పెడదామని నువ్వు పంపిన పన్నెండు ఫొటోలూ చూశాను. వాటి కింద రాసినదంతా రెండుసార్లు చదివాను, ఒకసారి ఫోన్లో, ఇంకోసారి మా పెరంబూరు వీధి చివర జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకుని, కళ్ళజోడు మార్చుకుని. ఫొటోల గురించి నాకేం తెలీదు. ముప్పై ఏళ్ళు ఫొటోగ్రాఫర్ల వెంట తిరిగి వాళ్ళ బొమ్మల కింద నాలుగు ముక్కలు రాసి బతికినవాణ్ణి, నా చేతికి కెమెరా ఇస్తే నా బొటనవేలే పడుతుంది. అందుకని "ఏ ఫొటోకి ప్రైజు వస్తుంది అంకుల్?" అన్నదానికి నన్ను వదిలెయ్. రాత సంగతి చెప్తాను.

నాలుగో ఫొటో కింద నువ్వు రాసింది నాకు బాగా నచ్చింది. గ్లోవ్స్ ఇవ్వలేదని ఆ ఊడ్చే ఆవిడ పాల ప్యాకెట్ కవర్లు చేతులకి చుట్టుకుని రబ్బరు బ్యాండు వేసుకుంటుందని, ఎడమ చేతికి వేసుకోవడం తేలికే గానీ కుడి చేతికి వేయడానికి పక్కావిడ సాయం కావాలని రాశావు చూడు, అది పక్కన నిలబడి చూసినవాళ్ళు తప్ప రాయలేరు. చదివాక నేను మళ్ళీ ఫొటో చూశాను. అంతకుముందు ఆ రబ్బరు బ్యాండు నాకు కనపడనే లేదు.

మిగతా పదకొండూ అలా లేవు. తిట్టుకోకు, పెన్సిల్‌తో లెక్కపెట్టాను: "అట్టడుగు" అయిదుసార్లు, "నిస్సహాయ" మూడుసార్లు, "ఆశ నిండిన కళ్ళు" రెండుసార్లు. రెండో ఫొటో కింద రాసింది తీసి తొమ్మిదో దాని కింద పెట్టు. ఎవరైనా కనిపెడతారేమో చూడు. నేనైతే కనిపెట్టలేను. ఒకరిది పుళియంతోపులో రోడ్డు ఊడ్చే పని, ఇంకొకరు పళవేర్కాడు (పులికాట్) వైపు చెరువుల్లో చేపలు పట్టే యానాది పెద్దాయన. ఇద్దరికీ ఒకే మాట సరిపోయిందంటే ఇద్దరి గురించీ ఏమీ చెప్పలేదనే గదా.

ఎగ్మూరు మ్యూజియంకి ఎప్పుడైనా వెళ్ళావా? 1885 నుంచి 1908 దాకా అక్కడ సూపరింటెండెంటుగా ఎడ్గర్ థర్స్టన్ అనే దొర పనిచేశాడు. మద్రాసు ప్రెసిడెన్సీ అంతా తిరిగి తెగలవాళ్ళనీ కులాలవాళ్ళనీ నిలబెట్టి ముక్కు వెడల్పు ఎంత, తల పొడుగు ఎంత అని కొలతలు తీశాడు, ఫొటోలూ తీశాడు. రంగాచారి అనే ఆయన సాయంతో 1909లో ఏడు సంపుటాల గ్రంథం వేశాడు. యానాదులూ ఉన్నారు అందులో. ఎంత ఓపిగ్గా రాశాడంటే, ఏ తెగ ఏం తింటుంది, ఎవరికి మొక్కుతుంది, చచ్చిపోతే ఏం చేస్తుంది అన్నీ దొరుకుతాయి, ఇప్పటికీ జనం తిరగేస్తారు, నేనూ తిరగేస్తాను. అందులో ఒకచోట ఆయనే రాసుకున్నాడు: వయనాడులో పణియ తెగ ఆడవాళ్ళు ఆయన్ని చూడగానే పారిపోయారట, తమలో మంచివాళ్ళని ఏరి, గడ్డి కూరి మద్రాసు మ్యూజియంలో పెడతాడని భయపడి. ఆయన దాన్ని వింతగా, నవ్వొచ్చే సంగతిగా చెప్పాడు. నాకు మాత్రం ఆ ఆడవాళ్ళే ఆయన పని సరిగ్గా అర్థం చేసుకున్నారనిపిస్తుంది. "అట్టడుగు", "నిస్సహాయ" అని రాసినప్పుడల్లా మనం కూరేదీ గడ్డే.

అమెరికాలోనూ ఇదే తంతు. ఎడ్వర్డ్ కర్టిస్ అని ఒకాయన అక్కడి ఆదివాసుల మీద 1907 నుంచి 1930 దాకా ఇరవై సంపుటాలు వేశాడు. ఒక గుడారంలో ఇద్దరు మనుషుల మధ్య గడియారం ఉంటే, ఆదివాసుల దగ్గర గడియారమేంటని ఆ ఫొటోలోంచి దాన్ని చెరిపేశారు. నువ్వు ఆరో ఫొటోని బ్లాక్ అండ్ వైట్ చేశావు. అసలు ఫొటో ఆ రోజే వాట్సాప్‌లో పంపావు నాకు, గుర్తుందా? ఆవిడ చీర వంకాయ రంగు, జడలో కనకాంబరాలు. పేదరికం బూడిద రంగులోనే ఉండాలని ఎవరు చెప్పారు నీకు? (ఫొటోల గురించి నాకేం తెలీదని పైన రాశాను. ఈ ఒక్కటీ మన్నించు.)

డొరోతియా లాంగ్ తీసిన ఆ తల్లి ఫొటో నీకు తెలుసు, ఇద్దరు పిల్లలు చెరో వైపూ మొహం దాచుకుని ఉంటారు, 1936, కాలిఫోర్నియా. ఆవిడ పేరు అడగలేదని లాంగే తర్వాత రాసుకుంది. నలభై ఏళ్ళకి పైగా ప్రపంచం చూసిన ఆ మొహానికి పేరు లేదు. 1978లో బయటపడింది, ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని, చెరోకీ తెగ మనిషి అని. నన్ను ఆ ఫొటో తీయకుండా ఉంటే బాగుండేది అంది ఆవిడ, పైసా రాలేదంది, పేరైనా అడగలేదంది, ఒక కాపీ పంపుతానని పంపలేదంది. నేను ఈ కాపీ దగ్గరే ఆగిపోతాను ఎప్పుడూ. ఎందుకంటే నేనూ పంపలేదు.

ఇరవై ఏళ్ళ పైమాట. ఒక స్నేహితుడు తెల్లారుజామున నాలుగున్నరకి రోడ్డు ఊడుస్తున్న ఒకావిడ ఫొటో తీశాడు, ఒక పత్రిక వాళ్ళు నన్ను రాయమన్నారు. వెళ్ళి మాట్లాడాను. తాతల కాలంలో నెల్లూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం, ఇంట్లో తెలుగే, మాట ఇట్టే కలిసింది. టీ ఇప్పించింది, డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు. ఇంటికొచ్చి నేను రాసిన మొదటి వాక్యం ఇది: "ఈమెకి నిన్న లేదు, రేపు లేదు, ఇవాళ్టి చెత్త తప్ప." రాసి మురిసిపోయాను. ఫొటోకి బహుమతి వచ్చింది, నా వాక్యాన్ని కూడా నలుగురూ మెచ్చుకున్నారు, శాలువా కూడా కప్పారు.

ఆవిడకి ప్లస్ టూ చదివే కూతురుంది. వాళ్ళమ్మ కార్పొరేషన్ ఆఫీసులో పని చేస్తుందని ఆ పిల్ల స్నేహితులకి చెప్పుకుంది. ఆ స్నేహితుల్లో ఒకరింటికి ఆ పత్రిక వస్తుంది. ఇక చెప్పేదేముంది, వారం రోజులు బడికి పోలేదు. ఇవేవీ నాకు తెలీవు. కొన్నాళ్ళకి పత్రిక కాపీ పట్టుకుని, అదేదో వరం ఇవ్వబోతున్నట్టు, వాళ్ళింటికి వెళ్ళాను. ఫొటో ప్రింటు మాత్రం తీసుకెళ్ళలేదు, స్నేహితుణ్ణి అడగాలని కూడా తట్టలేదు. ఆవిడ తిట్టలేదు. మళ్ళీ టీ పెట్టింది. గ్లాసు చేతికిస్తూ అంది, "రేపు లేదని రాసినావంట గదా సార్. రేపు మా పాపకి లెక్కల పరీక్ష."

కూతురు తలుపు వెనకాలే ఉంది, బయటికి రాలేదు. నా వాక్యాన్ని వాళ్ళమ్మకి చదివి వినిపించింది ఆ పిల్లే.

అప్పటి నుంచీ నాకు ఒకటే పద్ధతి, దాన్నే నీకూ చెప్తున్నాను. రాసింది ఎవరికైనా పంపేముందు, ఫొటోలో ఉన్న మనిషికి, వాళ్ళ గుమ్మంలో కూర్చుని, గట్టిగా చదివి వినిపించు. ప్రైజు వాళ్ళకి ఇంగ్లీషులో పంపాలి కదా అంటావు. తర్వాత ఇంగ్లీషు చేసుకో, ముందు తెలుగులో రాయి. కొండల్లోకో పరదేశానికో వెళ్ళినవాళ్ళకి భాష రాలేదనే సాకు ఉంటుంది. నీకు లేదు. మద్రాసులో రోడ్లు ఊడ్చేవాళ్ళలో ఎంతమంది మన భాష మాట్లాడతారో నువ్వే చూశావు, బెంగళూరులోనూ అంతే. మొదటిసారి చదివినప్పుడు నీకు నోరు పెగలదు. "నిస్సహాయ" అన్న మాట ఆవిడ మొహం మీద అనగలవా? అనలేని మాటల్ని అక్కడికక్కడే పెన్నుతో కొట్టేస్తావు. ఇంకో లాభం కూడా ఉంది, వినేవాళ్ళు సరిదిద్దుతారు. "పారిశుద్ధ్య కార్మికురాలు ఏంది, ఊడ్చే పని అని రాయి" అంటారు. చీపురు ఇవ్వరు, ఈనెలు కొని మేమే కట్టుకుంటాం, అది రాయలేదేం అంటారు. ఆ పేరు వద్దు, మేస్త్రీ చూస్తే పని పోతుంది అంటారు. అప్పుడు పేరు తీసేయాలి. పేరు లేకపోతే జ్యూరీకి బాగోదని సాగదీయకూడదు.

ఒక్కోసారి ఫొటోనే వద్దంటారు. దయానితా సింగ్ సంగతి విన్నావా? 1989లో ఒక లండన్ పత్రిక పని మీద ఢిల్లీలో మోనా అహ్మద్ అనే హిజ్రాని ఫొటోలు తీసింది. అవి లండన్‌లో అచ్చవుతాయని తెలిసి, అక్కడ మా బంధువులున్నారు, వద్దు, రీలు ఇచ్చెయ్ అంది మోనా. దయానిత ఇచ్చేసింది. ఆ పని పోయింది, స్నేహం మిగిలింది, ఏళ్ళ తరబడి సాగిన ఆ స్నేహమే 2001లో పుస్తకమైంది. ఆ దయానితా సింగే 2022లో ఫొటోగ్రఫీకి ఇచ్చే హాసెల్‌బ్లాడ్ అవార్డు అందుకుంది, దక్షిణాసియా నుంచి ఆవిడే మొదలు. ఆ తర్వాత రెండు లక్షలు తీసి డాక్యుమెంటరీ ఫొటోగ్రఫీకి ఒక అవార్డు పెట్టింది, జర్నలిస్టు సాయినాథ్ 2014లో మొదలుపెట్టిన పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా అనే వెబ్‌సైట్‌తో కలిసి. సాయినాథ్ మన మద్రాసులో పుట్టినవాడే, తెలుగింటి మనిషి. వాళ్ళ కథనాలు తెలుగులోనూ వస్తాయి, వెతుక్కుని చదువు.

ఆ అవార్డు మొదటిసారి వచ్చింది పళని కుమార్‌కి. నువ్వు ఆయన ఫొటోలు చూసే కెమెరా పట్టానన్నావు కాబట్టి ఎక్కువ చెప్పను. మదురై వైపు మనిషి, వాళ్ళమ్మ చేపలమ్మేది. గట్టర్లలో దిగి చనిపోయినవాళ్ళ ఇళ్ళకి ఏళ్ళ తరబడి తిరిగాడు, ఆ పని మీద 2017లో వచ్చిన డాక్యుమెంటరీకి కెమెరామన్ కూడా ఆయనే. ఆయన చేసినవాటిలో నాకు అన్నింటికన్నా నచ్చేది వేరే ఉంది. జాలర్ల పిల్లలకీ, ఊడ్చే పనివాళ్ళ పిల్లలకీ ఫొటోలు తీయడం నేర్పుతున్నాడు. ఉత్తర మద్రాసు పిల్లలు తమ వీధుల్ని తామే తీసిన ఫొటోలు 2023లో ప్రదర్శనకి పెట్టారు. అక్కడి క్యాప్షన్లలో "అట్టడుగు" అన్న మాట ఉంటుందా చెప్పు. సొంత వీధికి ఎవరైనా ఆ పేరు పెట్టుకుంటారా?

ప్రైజు డబ్బులో వాళ్ళకి వాటా ఇవ్వాలా అని అడిగావు. ప్రైజు రాకముందే అడిగావు, సంతోషం. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, వాళ్ళ బతుకు మీద వచ్చినదాంట్లోంచి వాళ్ళకే దానం చేస్తున్నట్టు ఫోజు పెట్టకపోతే చాలు, ఇవ్వు. దానికన్నా ముందు ప్రింటు ఇవ్వు. వాళ్ళు నిన్ను ఎలాంటి ఫొటో అడిగారు? నాకు తెలుసు, పట్టుచీర కట్టుకుని, గుమ్మం ముందు నిలబడి, కళ్ళు కెమెరా వైపు. అది నీ సెట్‌లోకి పనికిరాదు, అయినా తీయి, ఫ్రేమ్ కట్టించి ఇవ్వు. ఇలాంటి ఇళ్ళల్లో అదొక్కటే పెద్ద ఫొటో అవుతుంది చాలాసార్లు.

ఇంకొకటి, పదకొండో ఫొటో. మ్యాన్‌హోల్‌లోంచి తల బయటికి పెట్టిన అతను. కింద "నరకం నుంచి పైకి" అని రాశావు. నరకం అంటే చేసుకున్న పాపానికి పోయే చోటు, అతనేం పాపం చేశాడు? రక్షణ సామగ్రి లేకుండా మనిషిని అందులోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. అలా దిగి చనిపోతే కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది, అంతకుముందు అది 10 లక్షలు. ఏ తేదీన, ఏ ప్రాంతంలో, ఎవరు దిగమంటే దిగాడు, ఎంత ఇస్తామన్నారు, తాడుందా, మాస్కుందా, ఇవి రాయి. మన తెలుగువాడే, కోలారు గనుల ఊళ్ళో పుట్టిన బెజవాడ విల్సన్, 2016లో మెగసెసే వచ్చింది, ఆయన సంఘం వాళ్ళు ఇలా చనిపోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పోగేస్తూ కూర్చున్నారు. ఆ పని ముందు నీ నరకం, నా రేపు ఎంత తేలిగ్గా ఉన్నాయో చూడు.

అయితే ఆ వివరాలన్నీ రాస్తే చిక్కొకటుంది. మొహం స్పష్టంగా కనిపిస్తోంది, తేదీ, చోటూ వేస్తే దింపినవాడి కంటే ముందు అతని పనే పోవచ్చు. మొహం లేని ఫ్రేము ఏదైనా ఉందా? చేతులు మాత్రమే పడింది ఒకటి ఉందన్నావు మొన్న. అది పంపు నాకు. ఏది వేయాలన్నది నువ్వూ నేనూ తేల్చేది కాదు, రెండూ పట్టుకెళ్ళి అతనికే చూపించు, రాసింది వినిపించు. గడువు ఇరవైయ్యో తేదీ అన్నావు, టైం ఉంది. మధ్యాహ్నం రెండు దాటాక వెళ్ళు, అంతకుముందు డ్యూటీలో ఉంటాడు, మేస్త్రీ ముందు మాట్లాడలేడు. ఏమన్నాడో రాత్రి ఫోన్ చేసి చెప్పు.

మీ అంకుల్