పది లైన్ల గేమ్ కోసం యాంటీవైరస్ ఆపాలా?

పాత కంప్యూటర్ల మీద బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పది లైన్ల గేమ్‌లు రాసే పోటీల గురించి మెయిల్స్ వస్తూనే ఉన్నాయి. అన్నీ తిప్పితిప్పి అవే సందేహాలు. మూడింటికి ఇక్కడే జవాబు చెప్పేస్తున్నా.

ప్రశ్న: కమడోర్ 64 అనే పాత కంప్యూటర్‌కి రాస్తున్నాను. లైన్‌కి 80 అక్షరాలే. కమాండ్లను కుదించి ఇరికిస్తే గేమ్ బాగానే నడిచింది. మర్నాడు లిస్ట్ కమాండ్‌తో ప్రోగ్రామ్‌ని స్క్రీన్ మీదికి తెచ్చి ఒక్క అంకె మార్చి రిటర్న్ కొట్టగానే లైన్ తోక తెగిపోయింది!

తెగుతుంది మరి. మీ కుదింపుల్ని మెషీన్ దాచుకోదు. ప్రింట్‌కి బదులు ప్రశ్నార్థకం కొట్టినా దాన్ని ఒక బైట్‌గా మార్చి పెట్టుకుంటుంది, లిస్ట్ అడిగితే పూర్తి మాటగా విప్పి చూపిస్తుంది. అప్పుడు లైన్ 80 దాటిపోతుంది. ఎడిటర్ చదివేది మాత్రం స్క్రీన్ మీది రెండు వరసలే, అంటే ఆ 80 అక్షరాలే. అసలు ప్రతిని మామూలు టెక్స్ట్ ఫైల్‌లో ఉంచుకుని, అక్కడే దిద్ది, ఎమ్యులేటర్‌లో (పాత కంప్యూటర్‌లా నటించే ప్రోగ్రామ్‌లో) పేస్ట్ చేయండి.

చోటు కావాలంటే ముందు షరతులు పెట్టే ఇఫ్ కమాండ్లు తీసేయండి. ఇఫ్ షరతు నిజం కాకపోతే ఆ లైన్‌లో దాని వెనకున్నవన్నీ దాటేస్తుంది, పది లైన్లలో అది భరించలేని ఖర్చు. కమడోర్‌లో పోలిక నిజమైతే విలువ -1, కాకపోతే 0. మెమరీని చదివే కమాండ్ పీక్. పీక్(197) అంటే నొక్కి ఉన్న కీ నంబర్ ఇస్తుంది: ఏ అయితే 10, డీ అయితే 18. దాన్ని 'కె'లో, బొమ్మ అడ్డంగా ఎక్కడుందో 'ఎక్స్'లో పెట్టుకుని ఎక్స్=ఎక్స్+(కె=10)-(కె=18) అనండి. ఎడమా కుడీ రెండూ అయిపోయాయి.

ప్రశ్న: కీ చదివే భాగం మాత్రం మార్చి ఇదే లెక్కను స్పెక్ట్రమ్ అనే మరో పాత కంప్యూటర్‌లో పెట్టాను. ఏ నొక్కితే కుడికి పోతోంది.

అక్కడ నిజం అంటే 1. ప్లస్, మైనస్ అటూ ఇటూ మార్చండి. అన్నట్టు, మీ పోటీలో బైట్లు లెక్కపెడితే స్పెక్ట్రమ్‌లో ఉత్త 0 రాయకండి. ప్రతి సంఖ్య వెనకా కనపడని 6 బైట్లు ఉంటాయి కాబట్టి సున్నాకి మొత్తం 7 అవుతాయి. 'నాట్ పై' (NOT PI) అని రెండు బేసిక్ మాటలు రాస్తే అదే సున్నా 2 బైట్లలో వచ్చేస్తుంది.

ప్రశ్న: ఒక సైట్‌లో ఎమ్యులేటర్, గేమ్‌లు కలిపి ఇస్తున్నారు. యాంటీవైరస్ అడ్డుపడితే కాసేపు ఆపమని అక్కడే రాశారు. ఆపనా? మెమరీలో నేరుగా నంబర్ రాసే పోక్ కమాండ్‌లో తప్పు నంబర్ పడితే ల్యాప్‌టాప్ పాడవుతుందా?

ఆపకండి. యాంటీవైరస్ కూడా ఒక్కోసారి పొరపడుతుంది, నిజమే. కానీ అది పొరపాటో కాదో తేల్చాల్సింది ఫైల్ ఇచ్చినవాడా? వైస్ (కమడోర్‌కి), ఫ్యూజ్ (స్పెక్ట్రమ్‌కి) లాంటి ఎమ్యులేటర్లు ఓపెన్ సోర్స్. వాటిని తయారుచేసేవాళ్ల పేజీలోనే ఉచితంగా దొరుకుతుంటే మూడోవాడి గుమ్మం ఎక్కడం దేనికి? పోటీ గేమ్ మీ చేతికి రావాల్సింది డిస్క్ ఇమేజ్‌గానో టేప్ ఇమేజ్‌గానో, అంటే పాత డిస్క్ లేదా టేప్‌కి నకలైన ఫైల్‌గా. దాన్ని ఎమ్యులేటర్ తెరుస్తుంది, మీ కంప్యూటర్ నేరుగా నడపదు. ఎవరైనా మీ కంప్యూటర్ నేరుగా నడిపే ఈఎక్స్ఈ ఫైల్ పంపితే, బదులుగా ప్రోగ్రామ్ లైన్ల లిస్టింగ్ ఇవ్వమనండి. పది లైన్లు టైప్ చేసుకోలేమా?

నాకు ఒళ్లు మండేది ఇంకోటి ఉంది. ఫైల్ రకాన్ని చెప్పే, పేరు చివరి తోకను (ఎక్స్‌టెన్షన్‌ని) కంప్యూటర్లు దాచిపెట్టే అలవాటు. 'గేమ్.డీ64.ఈఎక్స్ఈ' అనే ఫైల్ చాలా కంప్యూటర్లలో 'గేమ్.డీ64' అని, ఉత్త డిస్క్ ఇమేజ్‌లా అమాయకంగా కనిపిస్తుంది. కొత్తవాళ్లు కంగారుపడకూడదని దాచారట! తోక కనపడకపోతే పామో తాడో ఎలా తెలుస్తుంది? అప్‌డేట్ల మీద అప్‌డేట్లు వస్తాయి, ఐకాన్లకి గుండ్రటి మూలలు వస్తాయి, ఇది మాత్రం అలాగే ఉంటుంది. సెట్టింగుల్లోకి వెళ్లి ఆ దాపరికాన్ని ఇవాళే తీసేయండి.

పోక్ గురించి టెన్షన్ వద్దు. కమడోర్ వాళ్ల మరో పాత కంప్యూటర్ 'పెట్' రోజుల్లో 59458 నంబర్ మెమరీ చోట 62 పోక్ చేస్తే పాత మోడళ్లలో స్క్రీన్ వేగం పెరిగేది. అదే పని తర్వాతి మోడళ్లలో చేస్తే డిస్‌ప్లేకే ముప్పు. ఎమ్యులేటర్‌లో మహా అయితే ప్రోగ్రామ్ బిగుసుకుపోతుంది. అందుకే రన్ కొట్టేముందు సేవ్ చేసుకోండి.